సొంత గొంతుతో పద్యం

మొన్న తెనాలి నాటకంలో సుందరయ్య సొంత గొంతుతోనే పద్యం పాడాడట, రాగం మధ్యలో దగ్గాడట కూడానని పక్కింటి మాణిక్యమ్మ వీధంతా చెప్పుకొస్తోంది. తమ బదులు తప్పు లేకుండా పద్యం పాడిపెట్టే గొంతుబిళ్ళను నటులందరూ మెడకు అంటించుకుంటున్న రోజులివి. మధ్యాహ్నానికల్లా నాటకాల కంట్రాక్టరు వీర్రాఘవులు ఇంటికొచ్చాడు.

"బిళ్ళ పెట్టుకుంటావా, కృష్ణుడి వేషం ఇంకొకడికి ఇచ్చెయ్యమంటావా బావా?"

సుందరయ్య కుర్చీలో నిలవలేక వసారాలో అటూ ఇటూ తిరిగాడు. "ఆ బిళ్ళలొచ్చాక ఒక్కడన్నా వన్స్ మోర్ అన్నాడంట్రా? మొన్న నా గొంతుకి అన్నారు. వెనక వరసలోంచి, గట్టిగా!"

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న భార్య రాజ్యం తలెత్తలేదు.

"అరిచింది నేనేనయ్యా. నువ్వు దగ్గినప్పుడే జనం లేచిపోయారు."