మొదటి ఏడుపు

ఆ ఉదయం ఇర్మాకు చాలా పనులున్నాయి. ఛాతీకి గుడ్డ బిగించి కట్టుకోవాలి. చిన్న దిండు మరిచిపోకుండా సంచిలో పెట్టుకోవాలి. పదకొండింటికి రేడియో పెట్టుకోమని భర్త ఎమిల్‌కు చెప్పాలి, వద్దంటే బతిమాలాలి. బాబు ఎలా ఉన్నాడని స్టూడియోలో ఎవరైనా అడిగితే నిద్రపోతున్నాడని చెప్పాలి. ఆ తర్వాత, దేశమంతా వింటుండగా, పుట్టాలి.

చివరి పని దగ్గరే చిక్కొచ్చి పడింది.

"అది కాదు!" అద్దాల గదిలోంచి దర్శకుడు హాలొరన్ అరిచాడు. "అది ఆకలేసిన ఏడుపు. మూడు నెలల పిల్లాడి ఏడుపు. లిండెన్ వాళ్ల బాబు ఇప్పుడే భూమ్మీద పడుతున్నాడమ్మా! నాకు మొదటి ఏడుపు కావాలి."

ఇర్మా దిండులోంచి మొహం పైకెత్తింది. షికాగో రేడియో నాటకాల్లో ఏ ఇంట బిడ్డ పుట్టినా, ఇవాళ్టి లిండెన్ వాళ్లింట్లో లాగే, ఏడ్చేది ఆమే. దిండులో మొహం దాచుకుని ఆమె గొంతు సన్నగా వణికిస్తే, వంటింట్లో గిన్నెలు తోముకుంటున్న ఆడవాళ్లు చేతులు తుడుచుకుని రేడియో దగ్గరికి వచ్చేవాళ్లు. పురిటికి వెళ్లి వచ్చాక ఇదే ఆమెకు మొదటి రోజు.

"ఇంకోసారి చేస్తాను సార్."

"చెయ్యి. కాని నీకు నేను నేర్పడమేమిటి? నువ్వే కదా కొత్తగా తల్లివయ్యావు! మీవాడు ఎలా ఏడ్చాడో అలా ఏడువు, చాలు."

"నాకు మత్తిచ్చారు. నేను వినలేదు."

"అయితే మీ ఆయన వినుంటాడుగా? ఆస్పత్రి వరండాలో టోపీ నలుపుకుంటూ నిలబడే తండ్రులం మనం వినేది అదొక్కటే. నా పెద్దది పుట్టినప్పుడు, ఆ అరుపుకి చేతిలో కాఫీ నా చొక్కా మీదే పోసుకున్నాను. ఫోన్ చేసి అడుగు."

అందరూ నవ్వారు. ఇర్మా కూడా నవ్వింది.

"ఆయన్ని అడగలేను సార్" అంది.

హాలొరన్ గడియారం చూసుకున్నాడు. "ఇదిగో, చెప్తున్నా. గస్ దగ్గర పిల్లాడి ఏడుపు రికార్డు ఉంది. నీ వల్ల కాకపోతే అదే వేస్తాం. నాటకానికి డబ్బు పెట్టే సబ్బు కంపెనీ వాళ్లు ఇవాళ వింటున్నారు."

"రికార్డు వద్దు సార్. నేనే ఏడుస్తాను." ఆమె గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే, హాలొరన్ తలుపులోంచి తల వెనక్కి తీసుకున్నాడు.

చప్పుళ్ల మనిషి గస్ ముసలాయన. తలుపులు, గుర్రాలు, వానలు అన్నీ ఆయన బల్ల మీదే ఉంటాయి. ఆయన ఇర్మా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు, "ఏమ్మాయ్, ఆ రికార్డు వింటే పిల్లి తోక తొక్కినట్టుంటుంది. నాతో వేయించకు. ఇంతకీ మీ బుడ్డోడు ఎలా ఉన్నాడు?"

"నిద్రపోతున్నాడు."

"అదృష్టవంతురాలివి! మావాళ్లు ఆరుగురూ రాత్రంతా జాగారం చేయించారు."

గోడ పక్క బల్ల మీద పొట్లాలు గుట్టపడి ఉన్నాయి. ఇంకా పుట్టని నాటకం బాబుకి శ్రోతలు పంపిన టోపీలు, స్వెటర్లు, ఉన్ని మేజోళ్లు. పేరు కూడా వాళ్లే పెట్టారు, టిమ్మీ అని. ఇర్మా అందులోంచి ఒక నీలం మేజోళ్ల జత తీసింది. అవి ఆమె బొటనవేలికంటే కొంచెమే పెద్దవి.

"ఇవి నేను తీసుకోనా గస్?"

"తీసుకోమ్మా. టిమ్మీకి కాళ్లే లేవుగా! మీవాడికి సరిపోతాయా?"

"సరిపోతాయి."

పదకొండు కొట్టింది. ప్రసారం మొదలైనట్టు ఎర్ర దీపం వెలిగింది. ఆర్గన్ మోగి ఆగింది. లిండెన్ గారి కోడలు మూలిగింది, డాక్టరు వేషం వేసినాయన ధైర్యం చెప్పాడు. గస్ గిన్నెలో నీళ్లు కదిపాడు. అద్దం వెనక హాలొరన్ వేలు పైకెత్తి ఇర్మా వైపు చూపించాడు.

ఇర్మా దిండు తీసుకోలేదు. నీలం మేజోళ్లను నోటికి అడ్డం పెట్టుకుంది.

ముందు ఊపిరి అందనట్టు ఒక చిన్న ఎక్కిలి. తర్వాత ఏమీ లేదు. అందరూ బిగుసుకుపోయారు. గస్ చెయ్యి రికార్డు మీదికి వెళ్లింది. అప్పుడు వచ్చింది ఆ ఏడుపు. సన్నగా మొదలై, తెగి, మళ్లీ అతుక్కుని, చలికి వణికి, కోపం తెచ్చుకుని, నేనొచ్చానని గదంతా నిండేలా కేర్‌మంది. ఆమె ఛాతీకి కట్టుకున్న గుడ్డ పాలతో తడిసిపోయింది.

దీపం ఆరగానే చప్పట్లు. హాలొరన్ పరుగున వచ్చాడు. "ఇదమ్మా, ఇదీ! ఎక్కడ దాచావు ఇన్నాళ్లూ?"

ఇర్మా కోటు ముందుకు లాక్కుని వరండాలోని ఫోన్ దగ్గరికి వెళ్లింది. ఇంటికి చేసింది. అవతల ఫోన్ ఎత్తారు.

"ఎమిల్, విన్నావా?"

అవతల రేడియో కట్టేసిన చప్పుడైంది, తర్వాత అతని గొంతు వచ్చింది. పురిటి రోజు నుంచి అతను అన్నన్ని మాటలు అనడం అదే మొదటిసారి.

"విన్నాను ఇర్మా. ఆ రోజు వరండాలో, ఆ తలుపుకి చెవి ఆనించి, నేను ఎదురుచూసింది దీనికోసమే."

"తెలుసు. అందుకే ఏడ్చాను."

ఆ పూట టిమ్మీ లిండెన్ పుట్టాడని దేశమంతా సంబరపడింది. టిమ్మీని అందరూ గుర్తుపెట్టుకున్నారు. మీరు మాత్రం, ఆ తలుపు వెనక ఒక్కసారైనా ఏడవకుండానే వెళ్లిపోయిన ఇర్మా కొడుకుని గుర్తుంచుకోండి. వాడి పేరు ఓవెన్.