ట్రాలీ తీసుకున్నాడా?

"ఆ వచ్చేవాడి భుజాన తుపాకీ ఉంది వెర్నాగారూ. పొడుగుది," అంది జెనెల్, కౌంటర్ కింద ఫోన్ దాచుకుని. ఆమె ఈ సూపర్ మార్కెట్‌లో పనిలో చేరి మూడు రోజులైంది.

"ఉంటే ఉండనీ. టెక్సస్‌లో అది నేరం కాదు. ట్రాలీ తీసుకున్నాడా, ఉత్త చేతులతో వస్తున్నాడా? అది చూడు."

"పోలీసులకు ఫోన్ చేశాను. ఎవరికైనా గురిపెట్టాడా అన్నారు. లేదన్నాను. పెడితే అప్పుడు చెయ్యమన్నారు."

"ట్రాలీ సంగతి చెప్పవే."

"తోసుకొస్తున్నాడు."

"అయితే కొనుక్కోవడానికే వచ్చాడు. ఈ కొట్లో మాకందరికీ అదే గుర్తు. ఆ మొహం కాస్త మామూలుగా పెట్టు."

పాల దగ్గర నిలబడ్డ ఆవిడ సామాన్లన్నీ అక్కడే వదిలేసి, బిడ్డనెత్తుకుని బయటికి నడిచింది. అతను మాత్రం కోడిగుడ్ల డబ్బా తెరిచి, పగిలినవేమైనా ఉన్నాయేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూసుకున్నాడు. తర్వాత వెర్నా కౌంటర్‌కి వచ్చాడు.

"ఇవాళ లైనే లేదే," అన్నాడు సంతోషంగా.

"మీ అదృష్టం," అంది వెర్నా.

అతను వెళ్లాక జెనెల్ ఊపిరి వదిలింది. "గుడ్లు చూసుకుంటుంటే నా భయం పోయింది. పోయిన వేసవిలో ఇక్కడ నలుగుర్ని కాల్చినవాడు ఉత్త చేతులతో వచ్చాడన్నమాట."

వెర్నా బల్ల తుడవడం మొదలుపెట్టింది.

"వాడూ ట్రాలీ తోసుకునే వచ్చాడు. గుడ్లు కూడా చూసే తీసుకున్నాడు."

"మరి నన్నెందుకు చూడమన్నారు?"

"ఏదో ఒకటి చూడాలి కదే."

తలుపు తెరుచుకుంది. వెర్నా కంటే ముందు జెనెల్ ట్రాలీ కోసం చూసింది.