మూడో మార్కు

“మతి తప్పిందో లేదో ఎవరు తేల్చాలి? ముప్ఫై మూడేళ్లు కాపురం చేసినవాణ్ణి నేనా, మూడు నిమిషాలు చూసిన ఈ అమ్మాయా?”

సూపరింటెండెంటు బల్ల మీదున్న కేసు షీటును ఫోర్‌మన్ అరచేత్తో చరిచాడు. లేత్ మెషీన్ల హోరులో ఇరవై ఏళ్లుగా అరిచి అరిచి గట్టిపడిన గొంతు అతనిది. తలుపు వేసే ఉన్నా వరండాలో కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. బల్లకు అటు చివర చిన్న డాక్టరమ్మ నిలబడి ఉంది. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు.

ఆరు రోజుల కిందట పొద్దున్నే ఫోర్‌మన్ భార్యకు పొట్ట పైభాగంలో నొప్పి మొదలై వీపులోకి పాకింది. కుట్టుమిషను ముందునుంచి లేవబోయి అక్కడే కూలబడింది. అతను ఆటోలో తెచ్చి ఆసుపత్రిలో చేర్పించాడు. అడ్మిషన్ కాగితాలు ఇంకొకరి చేతికివ్వకుండా పేరు, వయసుతో సహా తానే నింపాడు. పిత్తాశయంలోంచి జారిన రాయి అడ్డుపడి క్లోమం వాచిందని చిన్న డాక్టరమ్మ చెప్పింది. చాలామందికి ఈ వాపు వారంలో దానంతటదే తగ్గుతుందట. కొందరికి మాత్రం ప్రాణం మీదికి వస్తుందట. ఎవరు ఏ దారిన పడతారో మొదటి రోజే అంచనా కట్టాలట. సాయంత్రానికల్లా ఆ అంచనా కట్టి, జనరల్ వార్డు సరిపోతుందని రాసింది. మూడో రోజు పొద్దుటికి భార్యకు ఊపిరి అందలేదు, మూత్రం ఆగిపోయింది. అప్పుడు ఐసీయూకి తోసుకుంటూ పరుగెత్తారు.

ఆ అంచనా ఎలా కట్టావో ఆయనకు వివరంగా చెప్పమన్నాడు సూపరింటెండెంటు.

డాక్టరమ్మ చెప్పింది. చూసేవి ఐదు. రక్తంలో యూరియా పెరగడం ఒకటి; నాడి, జ్వరం, ఊపిరిలో ఏ రెండైనా హద్దు దాటడం ఒకటి; వయసు అరవై దాటడం, ఊపిరితిత్తుల పక్కన నీరు చేరడం, మతి తడబడటం మిగతా మూడు. ఒక్కోదానికి ఒక్కో మార్కు. మూడు వస్తే మొదటి రోజే ఐసీయూ. ఈవిడకు యూరియాకొకటి, నాడికీ ఊపిరికీ కలిపి ఒకటి, మొత్తం రెండే వచ్చాయి.

“మూడోది నువ్వు మింగేశావు,” అన్నాడు ఫోర్‌మన్. “ఆ సాయంత్రం నా భార్య నా చెయ్యి పట్టుకుని ‘ఒరేయ్, వీపు నిమరరా’ అంది. మా పెళ్లయిన దగ్గర్నుంచి ‘ఏవండీ’ తప్ప ఇంకో పిలుపు ఎరగదు. అది మతి తప్పడం కాదా? నువ్వు పక్కనే ఉన్నావు. విని కూడా నవ్వి ఊరుకున్నావు.”

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. ఆ మాట విన్నాకే తాను మళ్లీ పరీక్షించానంది. వారం, తేదీ, ఏ అంతస్తులో ఉన్నదీ అడిగితే ఆవిడ తడుముకోకుండా చెప్పిందనీ, గోడ మీది బోర్డులో నర్సు తేదీ మార్చలేదని ఎత్తిచూపింది కూడా ఆవిడేననీ చెప్పింది.

“ఆవిడ మతి నిక్షేపంగా ఉంది సార్.”

ఫోర్‌మన్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. “మా షాపులో కొలత తప్పితే ఇనప ముక్క పోతుంది. ఇక్కడ మనిషి పోతుంది. నాకు యాభై ఎనిమిది. అది నాకన్నా నాలుగేళ్లు చిన్నది, నన్ను సాగనంపాల్సిన మనిషి. అది నా కళ్లముందు ఊపిరి కోసం ఎగబీలుస్తుంటే నేనేం చెయ్యను?” అతని కింది పెదవి వణికింది. అది కనబడకుండా మరింత గట్టిగా అరిచాడు. ఈ అమ్మాయి రేపు వార్డులో కనబడితే ఫిర్యాదు ఇక్కడితో ఆగదన్నాడు.

సూపరింటెండెంటుకు గొడవ బయటికి పోకుండా ఉంటే చాలు. ఇంటివాళ్ల మాటకు విలువ ఇవ్వాల్సిందని డాక్టరమ్మను మందలించి, మర్నాటినుంచి ఆమెను వార్డు తప్పించి రికార్డుల గదిలో వేశాడు. క్షమాపణ చెప్పమన్నాడు. ఆమె గోడకేసి చూస్తూ, పళ్ల బిగువున చెప్పింది.

మధ్యాహ్నం ఫోర్‌మన్ ఐసీయూలోకి వెళ్లాడు. భార్యకు మాస్కు తీసేసి ముక్కుకు సన్నటి గొట్టం పెట్టారు. గండం గడిచిందని ఆ పొద్దున్నే చెప్పారు. అతను స్టూలు లాక్కుని కూర్చుని జరిగిందంతా చెప్పుకొచ్చాడు. వేళ్లు మడుస్తూ ఐదింటినీ అప్పజెప్పాడు. మూడో మార్కును తానే ఎలా పట్టుకున్నదీ, ఆ అమ్మాయి మొహం ఎలా మాడిపోయిందీ చెబుతుంటే అతని మీసం మీద గర్వం నిలిచింది.

భార్య మొహం ఎర్రబడింది. ఆ సాయంత్రం ఆ పిల్ల మూడుసార్లు వచ్చిందనీ, పక్కన కూర్చుని గడియారం చూస్తూ తన ఊపిరి లెక్కపెట్టిందనీ, అప్పుడు అతను బయట ఫోన్లో అందరికీ కబుర్లు పంపుతున్నాడనీ అంది.

“వెళ్లి ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. ఇప్పుడే వెళ్లండి.”

అతను భగ్గుమన్నాడు. ప్రాణం తీయబోయినదాన్ని వెనకేసుకొస్తావా అన్నాడు. ఇంకా మతి కుదురుకున్నట్టు లేదన్నాడు.

“నాకు మతి ఎప్పుడూ తప్పలేదు,” అందామె. “ఆ మాట తెలిసే అన్నాను. నొప్పికి నోట్లో ఆగలేదు, అంతే.”

“అయితే ఆ పిల్ల లెక్క సరైనదే అంటావు. మరి రెండు మార్కుల మనిషివి ఐసీయూ దాకా ఎలా వచ్చావు? తప్పు ఎక్కడుందో నువ్వే చెప్పు.”

ఆమె కళ్లలో కోపం అలాగే ఉంది కానీ, అది అతని మీద కాదు. దగ్గరికి రమ్మని సైగ చేసింది. అతను వంగాడు.

“నేను మీకన్నా నాలుగేళ్లు పెద్దదాన్ని.”