పది మెట్ల తోడు

“అన్నా, కొంచెం చెయ్యి ఇస్తావా? మోకాళ్లు మొరాయిస్తా ఉండాయి.”

అలిపిరిలో కూతురు రేవతి టెంకాయల అంగడి ముందు పీట వేసుకొని కూర్చున్న ఆదిమూలం తలెత్తాడు.

ఎదురుగా యాభై దాటిన ఆడమనిషి. నేతచీర, గుడ్డసంచి, మణికట్టు లోపలివైపుకు తిప్పి కట్టుకున్న గడియారం.

“పది మెట్లు తోడొస్తే చాలు.”

ఆదిమూలం గుండె గుభేలుమంది. రెండు నెలల కిందటే ఒక పోటు తిన్న గుండె అది. రోజూ నడవకపోతే రెండోది తప్పదన్నాడు డాక్టరు. ఈయనేమో ఇంటి ముందు ఆటో ఎక్కితే అంగడి పీట మీదే దిగడం.

వాళ్ల నాయన నడుస్తూ నడుస్తూనే చేనుగట్టు మీద కూలిపోయాడు. ఆ భయం మాత్రం ఎవరికీ చెప్పడు.

ఇప్పుడు కాదంటే పరువు పోతుంది.

“పది మెట్లేనా! శెనక్కాయల మూటెత్తుకోని గాలిగోపురం దాకా పరిగెత్తినోణ్ణి మ్మే!” అంటూ లేచాడు.

లోపల రేవతి కర్పూరం పొట్లాలు కడుతూ, నవ్వు కనపడకుండా తలొంచుకుంది.

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. పదో మెట్టు మీద తనే ముందు ఆగింది.

“ఆయాసమన్నా. కూసుందాం.”

బతికిపోయాననుకున్నాడు ఆదిమూలం.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఇరవై మెట్లు. ఎక్కుతూ ఆదిమూలం కథ అందుకున్నాడు.

“మా తాత చిరుతపులిని ఎద్దు పక్కన కాడికి కట్టి మడక దున్నినాడు.”

“చిరుత ఊరికే ఉండిందా?”

“యాడుంటాది! సాలు వంకర పోతే ఎద్దును గదమాయించేది.”

“ఆ తరవాత?”

“రేపు రా, చెప్తా.”

రేపు వచ్చేది. మెట్లు పెరిగేవి, చిరుత కథా పెరిగేది. ఆయనకు ఊపిరందక కథ తడబడబోతుందనగా, సరిగ్గా ఒక్క మెట్టు ముందు ఆమెకు ఆయాసం వచ్చేది.

“ఆస్పత్రిలో పెద్ద నర్సమ్మంట,” అన్నాడొకరోజు. “నేను ముఖమైనా సూడలా. నడువు నడువు అని ఇంటికి మూడు కార్డులు రాసింది. పొయ్యిలో ఏసి నీళ్లు కాంచుకున్నా. నన్ను నడిపించేది ఆమె వల్ల అవుతాదా!”

“యాడవుతాదన్నా!” అని ఆమె కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

ఆరు నెలలకు గాలిగోపురం చేరారు. కింద తిరుపతి అంతా పిల్లలు పరిచిన బొమ్మలకొలువులా ఉంది. నిజం చెప్పాలంటే, ఆయన అంత ఎత్తు ఎక్కడం పుట్టాక అదే మొదలు.

“చిరుత కడాకు ఏమైందన్నా?”

“రేపు,” అన్నాడు.

ఆ రేపు ఆమె రాలేదు. వారమైనా రాలేదు.

పాపం, మోకాళ్లు పూర్తిగా పడిపోయాయేమో! ఆస్పత్రిలో చేరిందేమో! ఆదిమూలం ఆటో సంగతే మరిచి ఆస్పత్రికి నడిచే పోయాడు.

“మోకాళ్ల నొప్పులామె. గడియారం లోపలికి కట్టుకుంటాది. ఈడ చేరిందా పాపా?”

కుర్ర నర్సు జాహ్నవి ఆయన్ను ఎగాదిగా చూసింది.

“చిరుత తాత మీరేనా? మోకాళ్ల నొప్పులా! మా పెద్ద సిస్టరమ్మ శనివారం శనివారం కొండెక్కి దిగి డ్యూటీకొచ్చేవాళ్లు.”

ఆదిమూలం గోడ పట్టుకున్నాడు.

“పెద్ద… యాడుండాది ఆయమ్మ?”

“పోయిన వారం రిటైరైనారు. కొడుకు దగ్గిరికి పోయినారు, యా ఊరో మాకూ చెప్పలా. మీరొస్తారు, ఇది ఇమ్మన్నారు.”

ఒక అట్ట. పైన ఆదిమూలం పేరు. దాని కింద ఒకే మాట: “భయపెడితే పడుకుంటాడు. సాయం అడిగితే లేస్తాడు.”

ఆ కింద ఆరు నెలల తేదీలు. ఒక్కో తేదీకి ఎదురుగా ఎక్కిన మెట్లు, ఆ రోజు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో ఆ అంకె.

“నా నాడి ఎవురూ చూడనే లేదే పాపా!”

అంటూనే మణికట్టు వైపు చూసుకున్నాడు.

ఆమెకు ఆసరాగా తాను చెయ్యి అందించిన ప్రతి ఉదయమూ, ఆమె మూడు వేళ్లు ఆనింది సరిగ్గా అక్కడే.