బాంబులతో దిగిన విమానం

"ఆ బాంబులు ఊడదీయండి. మా పోటీలో మొదటి బహుమతి మీదే!" అన్నాడు సంపాదకుడు, పట్టకారు చేతికివ్వబోతూ.

ముసలాయన అందుకోలేదు.

బల్ల మీద జానెడు యుద్ధవిమానం. రెక్కల మీద పొగ మరకలు, చక్రాలకు బురద. అచ్చం అప్పుడే దిగినట్టుంది.

విమానాల నమూనాలు చేసేవాళ్ళ పత్రిక అది. వాళ్ళకు చాదస్తం ఎక్కువ. మేకు తల ఒక్కటి ఎక్కువైనా ఊరుకోరు.

"ఊడదీయను," అన్నాడు ముసలాయన.

"దాడికెళ్ళి తిరిగొచ్చిన విమానానికి బాంబులెలా ఉంటాయండీ? మా పాఠకులు నన్ను ఉతికి ఆరేస్తారు."

"వేయలేదు కాబట్టి ఉన్నాయి."

"వేయకపోతే ఏ ఏట్లోనో పారేసి దిగుతారు. వాటితో దిగితే పేలి చస్తారు!"

"ఏటి ఒడ్డునా మనుషులున్నారు."

అబ్బ, ఏం మొండితనం! సంపాదకుడికి చిర్రెత్తుకొచ్చింది.

"గెలిచిన నమూనానే మా పత్రిక అట్ట మీద వేస్తాం. మీ విమానం పడాలని లేదా?"

"అందుకే వచ్చాను. పడితే ఉన్నదున్నట్టు పడాలి. లేదంటే మీ అట్ట మీ దగ్గరే ఉంచుకోండి."

"అది దిగడం మీరేమైనా చూశారా?"

"చూడటమేమిటయ్యా!" అంటూ ముసలాయన విమానాన్ని పెట్టెలో సర్దుకుని, వెనక్కి తిరిగి చూడకుండా గుమ్మం దాటాడు.

కాసేపటికి, పత్రికల కట్టలు పోస్టులో వేసి సంపాదకుడి అక్క వచ్చింది. ఆఫీసు పనంతా ఆవిడదే. సంపాదకుడు జరిగిందంతా నవ్వుతూ చెప్పాడు.

అక్క నవ్వలేదు.

"తోక మీద తెల్ల గద్ద బొమ్మ ఉందా?"

"ఉంది. నీకెలా తెలుసు?"

"అంతర్యుద్ధంలో మన పేట మీదికొచ్చిందిరా అది! నువ్వు నా చంకలో పసిగుడ్డువి. బడి మెట్ల కింద నక్కి చూశాను. మన నెత్తి మీదే రెండు చుట్లు తిరిగింది. అయిపోయాం అనుకున్నా. ఒక్క బాంబూ వెయ్యకుండా వెళ్ళిపోయింది."

"మరి పైలట్?"

"మాట విననందుకు జైల్లో కుక్కారని యుద్ధమయ్యాక తెలిసింది. విమానం చెడిపోయిందని పేపర్లలో రాయించారు. వెయ్యనన్నాడని ఒక్కడూ రాయలేదు." అక్కకు ఏడుపొచ్చేసింది.

సంపాదకుడు చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు.

అప్పటికే మలుపు తిరుగుతున్న బస్సులో, కిటికీ పక్కన, పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, అతన్ని బతకనిచ్చిన పైలట్.