లోపల ఎవరూ లేరు

"మిగిలింది ఒక్క సీటు. నోరు విప్పని పిల్లతో ఎలా వేగమంటావమ్మా?" అంది సాయంత్రం బడి టీచరమ్మ.

"ఇంట్లో వసపిట్టే మేడమ్. కాదనకండి. బడి వదిలాక, కుట్టుపని నుంచి నేనొచ్చేదాకా గదిలో ఒక్కతే ఉంటుంది."

ఇంతలో ఎవరో తలుపు తట్టారు. నా కూతురు చటుక్కున బల్ల కిందికి దూరి, టీచరమ్మ చెయ్యి పట్టి లాగింది.

"మాట్లాడకు. లోపల ఎవరూ లేరనుకుని వాళ్ళే వెళ్ళిపోతారు," అంది గుసగుసగా.

ఎవరొచ్చినా ఊపిరి బిగబట్టమని నేర్పింది నేనే. చెప్పిన మాట వింటుందని మురిసిపోయిందీ నేనే.

టీచరమ్మ తలుపు తీయలేదు. మెల్లగా పిల్ల పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మ వచ్చేదాకా రోజూ నా దగ్గరుంటావా?"

"అమ్మ చీకటి పడ్డాక గానీ రాదు," అంది నా కూతురు, ఎదురుగా నన్ను పెట్టుకుని.