కీచురాయి ఆగిన చోటు

దేవుడు చల్లగా చూసిన ఒక అడవిలో, తన పాటలతో పేరు మోసిన పికిలిపిట్ట కాలం చేసిన కీచురాయి పాటను ఓ ఉదయం ఎత్తుకుంది.

"సొంత సరుకు అయిపోయిందా అక్కా?" అంది కాకి.

ఆకు కింద నుంచి కీచురాయి భార్య వింటోంది. ఆ పాట తప్ప ఆయనది ఇంకేం మిగల్లేదు. పికిలేమో కొత్త సంగతులు వేస్తోంది, చిలకల చేత వంత పాడిస్తోంది. ఇక ఇది ఆయన పాట కాదులే అనుకుంది.

చరణం మధ్యలో పికిలి ఆగింది. చిలకలూ ఆగాయి. కాసేపటికి పాట సాగి ముగిసింది.

"మధ్యలో మరిచిపోయావుగా!" అని కాకి నవ్వింది.

"లేదు తమ్ముడూ. విరిగిన రెక్క సర్దుకోడానికి ఆయన అక్కడ ఆగేవాడు. అది మార్చడానికి నేనెవర్ని?"

"మళ్ళీ ఒక్కసారి పాడమ్మా" అంది కీచురాయి భార్య.

ఈసారి ఆ చోటు రాగానే, ఆయన రెక్క సర్దుకునేదాకా ఆమె ఎప్పటిలాగే ఓపిగ్గా ఎదురుచూసింది.